ఒకే తరగతిలో నాలుగు రకాల పిల్లలు: ఎవరి స్థాయికి తగ్గట్టు వాళ్లకి చెప్పడం నిజంగా పని చేస్తుందా?

రెండుగదుల_బడి (ప్రకాశం జిల్లా)

అందరికీ నమస్కారం. నేను ఎస్‌జీటీని, అంటే ప్రాథమిక తరగతుల టీచర్ని. మా బడిలో ఒకటి నుంచి ఐదు దాకా 34 మంది పిల్లలు, మేం ఇద్దరం టీచర్లం. నాకు 3, 4, 5 తరగతులు.

పోయిన వారం నాలుగో తరగతి వాళ్లని ఒక్కొక్కరినే పక్కన కూర్చోబెట్టుకుని చదివించాను. మొత్తం పదకొండు మంది. ముగ్గురు పాఠం గడగడా చదివేశారు. నలుగురు ఒత్తు కనిపిస్తే చాలు ఆగిపోతున్నారు. "చెట్టు"ని "చెటు" అంటారు, "పుస్తకం" దగ్గరికి వచ్చేసరికి చదవడం మానేసి నా మొహం చూస్తారు. ఇద్దరికి గుణింతాలు విడిగా అడిగితే వచ్చు, పదంలో కలిపి చదవమంటే రావు. ఇంకో ఇద్దరికి అక్షరాలే సగం సగం. నేను మాత్రం నాలుగు నెలలుగా వీళ్లందరికీ ఒకే పాఠం చెబుతున్నాను.

ట్రైనింగుల్లో "ప్రతి పిల్లవాడికీ వాడి స్థాయిలో బోధించాలి" అంటారు. మూడు తరగతులు చూసుకునే మనిషికి అది ఎలా కుదురుతుంది? దీని మీద గట్టి పరిశోధన ఏమైనా ఉందా, లేక వినడానికి బాగుందని చెబుతున్నారా? తెలిసినవాళ్లు చెప్పండి.

ఎస్ఏ_మ్యాథ్స్ (కరీంనగర్, హైస్కూలు లెక్కల టీచరు)

మేడమ్, మీ బాధ నాకు పూర్తిగా అర్థమైంది. ఆ పిల్లలే నాలుగేళ్ల తర్వాత ఎనిమిదో తరగతిలో నా ముందు కూర్చుంటారు. కానీ నా అనుమానం నేను చెప్పాలి. నేను బీజగణితం చెప్పాలి, సిలబస్ పూర్తి చేయాలి, పదో తరగతి పరీక్షలో తీసివేతలు అడగరు. క్లాసులో 42 మంది. ఒక్కొక్కరి దగ్గర నిమిషం కూర్చుంటే పీరియడ్ అయిపోతుంది. వ్యక్తిగత బోధన అనేది ట్యూషన్ మాస్టారికి సాధ్యం, బడి టీచరుకి కాదు. తప్పైతే సరిదిద్దండి.

కొలతబద్ద (హైదరాబాద్, విద్యారంగంలో పరిశోధన)

మేడమ్, గట్టి పరిశోధన ఉంది. అందులో మంచిది చాలావరకు మన దేశంలోనే జరిగింది. కాస్త వివరంగా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

ముందు అందరూ చెప్పే పాత మాట. 1984లో బెంజమిన్ బ్లూమ్ అనే అమెరికా విద్యా పరిశోధకుడు ఒక వ్యాసం రాశారు. మామూలు క్లాసులో చదివిన సగటు విద్యార్థికి అదే పాఠం విడిగా ట్యూటర్‌తో చెప్పిస్తే, మామూలు క్లాసులోని నూటికి 98 మంది కంటే పైకి వెళ్తాడని. ఆన్‌లైన్ ట్యూషన్ అమ్మేవాళ్లందరూ ఈ మాటే వాడుకుంటారు. కానీ దానికి ఆధారం షికాగో విశ్వవిద్యాలయంలో ఇద్దరు విద్యార్థులు చేసిన పీహెచ్‌డీ ప్రయోగాలు. సంభావ్యత, పటాల తయారీ లాంటి చిన్న అంశాలు, మూడు వారాల బోధన, ఆ అంశాల మీదే పరీక్ష. పైగా ట్యూటర్ దగ్గర చదివిన పిల్లలకి ఒక భాగం బాగా వచ్చేదాకా తర్వాత భాగం మొదలుపెట్టలేదు. 2020లో ట్యూటరింగ్ మీద జరిగిన 96 ప్రయోగాల్ని కలిపి చూస్తే సగటు లాభం 0.37 ప్రామాణిక విచలనం అని తేలింది. అంటే వందమంది వరుసలో యాభయ్యో స్థానంలో ఉన్న పిల్లవాడు అరవై నాలుగు దగ్గరికి చేరతాడు. బ్లూమ్ చెప్పినంత కాదు, కానీ చదువులో ఇది చాలా పెద్ద లాభం.

ఇప్పుడు మన దేశం సంగతి. 2001 నుంచి 2003 దాకా ముంబై, వడోదర మున్సిపల్ బడుల్లో ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ ఒక పని చేసింది. మూడు, నాలుగు తరగతుల్లో వెనకబడిన 15, 20 మందిని రోజూ రెండు గంటలు బయటికి తీసుకెళ్లి, ఆ బస్తీలోనే ఉండే చదువుకున్న అమ్మాయిల చేత అక్షరాలు, ఎక్కాల నుంచి చెప్పించారు. ఆ అమ్మాయిల్ని బాలసఖి అనేవారు. ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో బృందం దాన్ని కొలిచి 2007లో ప్రచురించింది. పైన చెప్పిన కొలతలోనే మొదటి ఏడాది లాభం 0.14, రెండో ఏడాది 0.28. నాకు ఇంకా ముఖ్యం అనిపించింది వేరే విషయం. వెనకబడిన పిల్లలు బయటికి వెళ్లాక క్లాసు చిన్నదైంది కదా, మిగిలినవాళ్లకి దానివల్ల చెప్పుకోదగ్గ లాభం లేదు. అంటే పిల్లల సంఖ్య తగ్గడం వల్ల కాదు, వాళ్లకి రాని చోటు నుంచి మొదలుపెట్టడం వల్ల చదువు వచ్చింది.

ఎస్ఏ సార్ అడిగిన దానికి ఢిల్లీ ప్రయోగం దగ్గరగా ఉంటుంది. దాని గురించి రాత్రికి రాస్తాను.

నిజాంపేట_నాన్న (హైదరాబాద్)

నాదొక చిన్న ప్రశ్న, ఇక్కడ అడగొచ్చో లేదో. మా పాప ప్రైవేటు స్కూల్లో ఆరో తరగతి. స్కూలువాళ్లు ఒక కంపెనీని పిలిచి వేలిముద్రలు తీయించి, మీ పాప "విని నేర్చుకునే రకం", అందుకే లెక్కలు రావడం లేదు అని ముప్పై పేజీల రిపోర్టు ఇచ్చారు. డబ్బు కట్టించుకున్నారు. ఇప్పుడు ట్యాబులో ఆడియో పాఠాలు పెట్టమంటున్నారు. ఇది కూడా మీరు చెప్పే వ్యక్తిగత బోధనేనా? ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉంది.

కొలతబద్ద

కాదండీ. ఇది వేరే సంగతి, దయచేసి టెన్షన్ పడకండి. వేలిముద్రల్ని బట్టి పిల్లల చదువు చెప్పగలమనడానికి నమ్మదగిన ఆధారం లేదు. "చూసి నేర్చుకునే రకం, విని నేర్చుకునే రకం" అనే విభజన గురించి 2008లో నలుగురు మనస్తత్వ శాస్త్రవేత్తలు అప్పటిదాకా వచ్చిన పరిశోధనంతా తిరగేశారు. పిల్లల రకాన్ని బట్టి బోధన మార్చితే ఎక్కువ నేర్చుకుంటారని చూపే సరైన ఆధారం దొరకలేదని తేల్చారు.

పాపకి లెక్కల్లో ఏది రాదో చూడండి, పాప ఏ రకమో కాదు. నాలుగో తరగతి పుస్తకం తెచ్చి భిన్నాలు, భాగహారం చేయించండి. ఎక్కడ ఆగిందో అక్కడి నుంచి మొదలుపెట్టండి.

పాత_హెచ్ఎం (అనంతపురం)

నిజాంపేట నాన్నగారూ, ఆ రిపోర్టు బీరువాలో పెట్టేయండి. పాప పక్కన రోజూ ఇరవై నిమిషాలు కూర్చోండి, అది చాలు.

ఇక టీచరమ్మకి నా అనుభవం. మదనపల్లి దగ్గర రిషి వ్యాలీ ఉంది కదా. ఆ సంస్థ చుట్టుపక్కల పల్లెల్లో ఏకోపాధ్యాయ బడులు నడుపుతుంది. ఉద్యోగంలో ఉన్నప్పుడు రెండు రోజులు అక్కడ కూర్చుని చూశాను. ఒకే గది, ఒకే టీచరు, ఒకటి నుంచి ఐదు దాకా అందరూ కలిసే. గోడ మీద ఒక నిచ్చెన బొమ్మ ఉంటుంది. పిల్లవాడు వచ్చి తను ఏ మెట్టు మీద ఉన్నాడో చూసుకుని, దానికి సరిపడే కార్డు అరలోంచి తనే తీసుకుంటాడు. కార్డు మీద బొమ్మ గుర్తు ఉంటుంది కాబట్టి చదవడం రానివాడు కూడా వెతుక్కోగలడు. కొత్త విషయం నేర్చుకునేవాళ్లు టీచరు దగ్గర కూర్చుంటారు, సాధన చేసేవాళ్లు ఇంకో పిల్లవాడితో, వచ్చేసినవాళ్లు ఒంటరిగా. నేను చూసిన రోజు ఒక పాప పది రోజులు జ్వరంతో మానేసి తిరిగి వచ్చింది. ఎవరూ ఏమీ అనలేదు. నిచ్చెన దగ్గరికి వెళ్లి, తను వదిలిన కార్డే తీసుకుని కూర్చుంది. మన బడుల్లో పది రోజులు మానేసిన పిల్ల పది పాఠాలు పోగొట్టుకున్నట్టే. అది చూసి నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

తర్వాత మా బడికీ అలాంటి కార్డుల పెట్టె ఒకటి వచ్చింది. నలభై మంది పిల్లలకి రెండు సెట్లు. రెండు నెలల్లో సగం కార్డులు పోయాయి. శిక్షణ కూడా అంతంతమాత్రం. పద్ధతి మంచిదే, దాని వెనక ఉండాల్సిన మనుషులు, ఏర్పాట్లు లేవు.

చెన్నపట్నం_అక్క (చెన్నై)

హెచ్ఎం గారూ, మీరు చెప్పిన ఆ రిషి వ్యాలీ పద్ధతే మా తమిళనాడుకి వచ్చింది. 2003లో చెన్నై కార్పొరేషన్ బడులు పదమూడింటిలో మొదలుపెట్టి, 2007 ప్రాంతానికి రాష్ట్రమంతా ఒకటి నుంచి నాలుగో తరగతి దాకా తెచ్చారు. నేను అప్పుడు కార్పొరేషన్ బడిలో టీచర్ని. బెంచీలు తీసేసి చాపలు వేశాం. గోడకి కింద భాగంలో, పిల్లల ఎత్తులో, ఒక్కొక్కరికి ఒక నల్లబల్ల ముక్క. వాళ్ల పని వేలాడదీయడానికి తలపైన తీగలు కట్టాం. పిల్లలు నా కుర్చీ చుట్టూ కాకుండా నేను పిల్లల చుట్టూ తిరగడం అప్పుడే నేర్చుకున్నాను.

కష్టం కూడా చెప్పాలి. ఎవరు ఏ మెట్టు మీద ఉన్నారో రాసిపెట్టడానికే నా సమయం చాలా పోయేది. ముప్పై మంది ముప్పై కార్డుల మీద ఉంటే ఒక్కొక్కరికి కొత్త విషయం నేను నేర్పేది రోజుకి రెండు మూడు నిమిషాలే. తర్వాత కొన్నేళ్లకి దాన్ని తేలిక చేసి, మళ్లీ కొంత అందరికీ కలిపి చెప్పే భాగం చేర్చారు. నాకు అదే బాగా కుదిరింది.

కొలతబద్ద

అక్కా, మీరు చెప్పిన ఈ రెండు మూడు నిమిషాల దగ్గరే మొత్తం విషయం ఉంది. అమెరికాలో 1960లు, 70లలో ఇలాంటివి చాలా వచ్చాయి. ఫ్రెడ్ కెల్లర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1968లో ప్రతిపాదించిన పద్ధతిలో విద్యార్థి తన వేగంతో యూనిట్లు చదువుకుని, ఒకదాంట్లో పాసయ్యాకే రెండోదానికి వెళ్తాడు. కాలేజీల్లో అది బాగా పని చేసింది. దాదాపు ఇలాంటివే హైస్కూళ్లలో పెట్టినప్పుడు ఏమైందో 1983లో ఒక సమీక్ష చూసింది. 51 అధ్యయనాలు కలిపితే వచ్చిన లాభం అతి స్వల్పం. కాలేజీ కుర్రాడు ఒంటరిగా కూర్చుని చదువుకోగలడు. పన్నెండేళ్ల పిల్లవాడి చేతికి వర్క్‌షీట్ల కట్ట ఇచ్చి "నీ వేగంతో చేసుకో" అంటే వాడికి టీచరు దూరమైనట్టే. టీచరు పేపర్లు దిద్దడంలో మునిగిపోతారు.

అందుకే నేను "వ్యక్తిగత బోధన" అనే మాట వాడను. స్థాయికి తగిన బోధన అంటాను. మీ పదకొండు మందికి పదకొండు పాఠాలు అక్కర్లేదు మేడమ్. మీరే రాశారు, నాలుగు రకాలు. మూడు తరగతులు కలిపి చూసినా ఆ నాలుగు రకాలే ఉంటాయి.

ఇక ఎస్ఏ సార్‌కి. ఢిల్లీలో కార్తీక్ మురళీధరన్, అభిజీత్ సింగ్, అలెహాంద్రో గానిమియన్ చేసిన ప్రయోగం 2019లో అచ్చయింది. ప్రభుత్వ బడుల మాధ్యమిక తరగతుల పిల్లలు 619 మంది. లాటరీ తీసి కొందరికి బడి అయ్యాక వెళ్లే కేంద్రంలో ఉచితంగా సీటిచ్చారు. అక్కడ గంటన్నర. సగం సేపు మైండ్‌స్పార్క్ అనే కంప్యూటర్ పాఠం, పిల్లవాడి తప్పుల్ని బట్టి ప్రశ్నలు మారుస్తుంది. మిగతా సగం చిన్న గుంపుగా ఒక మనిషి చెబుతారు. నాలుగున్నర నెలల్లో లెక్కల్లో 0.37, హిందీలో 0.23 లాభం.

సార్, ఇందులో మీరు చూడాల్సింది మొదటి పరీక్ష ఫలితం. ఆరో తరగతి పిల్లలు లెక్కల్లో సగటున రెండున్నర తరగతులు వెనకబడి ఉన్నారు. పై తరగతులకి వెళ్లేకొద్దీ ఆ దూరం పెరుగుతూ పోయింది. సీటు రాక మామూలుగా బడికి వెళ్లినవాళ్లలో అట్టడుగు మూడోవంతు ఆ నెలల్లో కొత్తగా నేర్చుకున్నది దాదాపు సున్నా. రోజూ బడికి వస్తున్నారు, కూర్చుంటున్నారు, నోట్సు రాసుకుంటున్నారు. నేర్చుకోవడం లేదు.

ఎస్ఏ_మ్యాథ్స్

ఆ చివరి పేరా రెండుసార్లు చదివాను. నా క్లాసులో వెనక రెండు వరుసలు గుర్తొచ్చాయి.

అయినా అడుగుతాను. ఆ పిల్లలకి బడి పరీక్షల్లో మార్కులు పెరిగాయా?

కొలతబద్ద

హిందీలో పెరిగాయి. లెక్కల్లో చెప్పుకోదగ్గట్టు పెరగలేదు. మీ అనుమానం అక్కడ సరైనదే. ఎనిమిదో తరగతి పిల్లవాడు నాలుగో తరగతి లెక్క నేర్చుకున్నాడు, బడి పరీక్ష ఎనిమిదో తరగతిది అడిగింది. ఆ పరీక్షకి వాడి ఎదుగుదల కనబడదు. పరిశోధకులు అన్ని స్థాయిల ప్రశ్నలూ ఉన్న పరీక్ష పెట్టారు కాబట్టి కనబడింది.

టెక్సాస్_అమ్మ

మా బాబుకి ఆటిజం. ఇక్కడ 1975లో వచ్చిన చట్టం ప్రకారం వైకల్యం ఉన్న ప్రతి పిల్లవాడికీ బడి ఒక వ్యక్తిగత విద్యా ప్రణాళిక రాసి ఇవ్వాలి. ఏడాదికి కనీసం ఒకసారి టీచర్లు, మేము కూర్చుని లక్ష్యాలు రాస్తాం. "బాగా చదవాలి" అని రాస్తే ఒప్పుకోరు. "నిమిషానికి ఇన్ని పదాలు, ఫలానా నెలకల్లా" అని కొలవగలిగేలా ఉండాలి. కాగితం పనికి విసుగొస్తుంది కానీ, మావాడు ఎక్కడున్నాడో మాకు ఎప్పుడూ తెలుసు. మామూలు పిల్లల తల్లిదండ్రులకి ఇక్కడ కూడా అంత స్పష్టంగా తెలియదు.

పాత_హెచ్ఎం

నా భయం ఒకటి చెబుతాను. గ్రూపులు అనగానే మన తెలుగువాళ్లకి గుర్తొచ్చేది మార్కుల ప్రకారం సెక్షన్లు. పై సెక్షన్‌కి మంచి లెక్చరర్లు, కింద సెక్షన్ పిల్లలు తల దించుకుని నడుస్తారు. నా మనవరాలు ఇంటర్‌లో సెక్షన్ మార్చినప్పుడు నాలుగు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. ఆ విషం ప్రాథమిక బడికి తీసుకురాకండి.

కొలతబద్ద

సార్, మీ భయం న్యాయమైనది. కెన్యాలో 121 బడుల్లో ఒకటో తరగతిని రెండు సెక్షన్లు చేశారు. దాదాపు సగం బడుల్లో పిల్లల స్థాయిని బట్టి, మిగతా బడుల్లో లాటరీ తీసి. స్థాయిని బట్టి చేసిన చోట పై సెక్షన్, కింద సెక్షన్ రెండూ బాగుపడ్డాయి. కానీ అక్కడ మంచి టీచర్లని పై సెక్షన్‌కే ఇవ్వలేదు, లాటరీలో కేటాయించారు. మన ఇంటర్ కాలేజీల సెక్షన్లకీ దీనికీ ఉన్న తేడా అదే.

హర్యానాలో ప్రథమ్ పద్ధతినే ఇంకా మెత్తగా చేశారు. పిల్లలు తమ తరగతిలోనే ఉంటారు. రోజుకి ఒక్క గంట మాత్రం 3, 4, 5 తరగతులు కలిపేసి, చదవగలిగే స్థాయిని బట్టి కూర్చోబెట్టి ప్రభుత్వ టీచర్లే హిందీ చెప్పారు. చదువు మెరుగుపడింది. అంతకుముందు బీహార్, ఉత్తరాఖండ్‌లలో అవే పుస్తకాలు, అదే శిక్షణ టీచర్లకి ఇచ్చి, మామూలు బడి సమయంలోనే వాడుకోమన్నారు. వాళ్లు సిలబస్ పక్కన పెట్టలేకపోయారు, ఫలితం రాలేదు. ఆ గంట టైంటేబుల్‌లో రాసి ఉండాలి, ఆ గంటలో సిలబస్ ఎందుకు కాలేదని ఎవరూ అడగకూడదు. తప్పులు వెతికి వెళ్లిపోయే పర్యవేక్షకుడు కాకుండా, వచ్చి సాయం చేసే పర్యవేక్షకుడు ఉండాలి.

చెన్నపట్నం_అక్క

మేడమ్, మొదటి రోజు ఎలా చేయాలో చెబుతాను. హిందీకి, తమిళానికి చేసిన మెట్లు తెలుగుకి ఉన్నదున్నట్టు సరిపోవు, మనకి ఒత్తులు వేరే మెట్టు. ఒక కాగితం మీద ఐదు గళ్లు గీయండి. విడి అక్షరాలు. గుణింతం లేని పదాలు: వల, పడవ. గుణింతంతో: కాకి, గూడు. ఒత్తులతో: అమ్మ, చెట్టు, పుస్తకం. చివర నాలుగు వాక్యాల చిన్న కథ. పిల్లవాడు ఏ గడి తడబడకుండా చదివాడో అదే వాడి చోటు. ఒక్కొక్కరికి ఐదు నిమిషాలు చాలు. గ్రూపుకి నంబరు పెట్టకండి. నేను మల్లె, బంతి, కనకాంబరం అని పెట్టేదాన్ని. రెండు వారాలకోసారి మళ్లీ చూసి మార్చండి. మారడం వాళ్లకి మామూలైపోతే ఎవరికీ చిన్నతనం ఉండదు.

నిజాంపేట_నాన్న

మా పాప సంగతి. నాలుగో తరగతి భాగహారం చేసింది, భిన్నాల కూడికలో ఆగింది. 1/2 + 1/3 అంటే 2/5 అని రాసింది. పైవి పైకి, కిందవి కిందకి కూడేసింది. ఒక గారెని కోసి చూపించాను. సగం గారె కంటే రెండు అయిదో వంతులు తక్కువ కదా, కలిపితే తగ్గుతుందా అని అడిగితే కాసేపు చూసి నవ్వింది. ముప్పై పేజీల రిపోర్టులో ఈ ముక్క లేదు. మీ అందరికీ థాంక్స్.

రెండుగదుల_బడి (మూడు వారాల తర్వాత)

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. మా హెచ్ఎం గారు ఒప్పుకున్నారు. భోజనం అయ్యాక గంట సేపు మూడు తరగతులూ కలిపేస్తున్నాం. అక్షరాలవాళ్లు హెచ్ఎం గారి దగ్గర ఒకటో తరగతి పక్కన, మిగిలినవాళ్లు నా దగ్గర రెండు గుంపులు. బాగా చదివేవాళ్లు వరండాలో కథల పుస్తకాలతో.

లెక్కల్లో కూడా ఒక్కొక్కరిని కూర్చోబెట్టాను. ఐదో తరగతి బాబు ఒకడు 52లోంచి 38 తీసేయమంటే 26 అని రాశాడు. ఇదివరకైతే తప్పు కొట్టి పంపేదాన్ని. ఈసారి "ఎలా చేశావో చెప్పరా" అన్నాను. "ఎనిమిదిలోంచి రెండు పోతే ఆరు, ఐదులోంచి మూడు పోతే రెండు" అన్నాడు. పెద్దదాంట్లోంచి చిన్నది తీసేయాలని ఎవరో చెప్పింది గుర్తుపెట్టుకున్నాడు, అది పైనుందా కిందుందా చూడడం లేదు. ఏడాదిగా ప్రతి తీసివేతా అలాగే చేస్తున్నాడు. పుల్లల కట్టలు తెచ్చి, పదుల కట్ట ఒకటి విప్పి చూపించాను. రెండు రోజులు పట్టింది. ఇప్పుడు వాడే పక్కవాడికి కట్ట విప్పి చూపిస్తున్నాడు.

ఒత్తుల నలుగురిలో ముగ్గురు కథ మెట్టుకి వచ్చారు. గుణింతాల ఇద్దరూ నెమ్మదిగా కదులుతున్నారు. అక్షరాల ఇద్దరిలో ఒక పాప అస్సలు కదలడం లేదు. చెబితే గుర్తుపెట్టుకుంటుంది, పాటలు నోటికి పాడుతుంది, బోర్డు మీది అక్షరం మాత్రం రోజుకోలా చెబుతుంది. ఏం చేయాలి?

చెన్నపట్నం_అక్క

నోటికి వస్తోంది, బోర్డు మీద రోజుకోలా ఉంటోంది అంటున్నారు. చదివేటప్పుడు కళ్లు చికిలిస్తుందా? పుస్తకం మొహానికి దగ్గరగా పెట్టుకుంటుందా?

రెండుగదుల_బడి

అవునక్కా. చాలా దగ్గరగా పెట్టుకుంటుంది. అలవాటేమో అనుకున్నాను. ఎప్పుడూ వెనకే కూర్చుంటుంది, పొడవుగా ఉంటుందని నేనే అక్కడ కూర్చోబెట్టాను. వాళ్లమ్మతో ఇప్పుడే మాట్లాడాను. సోమవారం ఇద్దరం కలిసి కళ్ల పరీక్షకి తీసుకెళ్తున్నాం.